బెనెట్ గారి టీ పళ్ళెం

టైమ్ మేనేజ్‌మెంట్ పుస్తకం మీద సాహిత్య వ్యాసం ఏమిటని అడగొచ్చు మీరు. అది రాసినాయన నవలాకారుడు. ఆయన నవలలకీ ఈ పుస్తకానికీ మధ్య ఒక చిన్న తగాదా ఉంది. నాకు ఆసక్తి ఆ తగాదా మీద.

పుస్తకం పేరు ‘హౌ టు లివ్ ఆన్ ట్వెంటీఫోర్ అవర్స్ ఎ డే’. రచయిత ఆర్నల్డ్ బెనెట్. 1908లో లండన్ ఈవెనింగ్ న్యూస్ పత్రికలో విడతలుగా వచ్చి, తర్వాత పుస్తకమైంది. చాలా చిన్నది, రెండు మెట్రో ప్రయాణాల్లో అయిపోతుంది. ఉద్యోగం చేస్తూ శని ఆదివారాల్లో ఎం.టెక్. వెలగబెడుతున్న మాలాంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో సెమిస్టరుకి ఒక్కసారైనా ఎవరో ఒకరు దీని పీడీఎఫ్ పెడతారు. అదీ అసైన్‌మెంటు గడువుకి సరిగ్గా ముందు రోజు. పెట్టినవాళ్ళు చదివారా లేదా అనేది వేరే సంగతి. నేను చదివాను. నాకు నచ్చింది కూడా. ఇప్పుడు అట్టల మీద మెరిసిపోతున్న అలవాట్ల పుస్తకాలన్నిటికీ ఇది తాత. తాతల్లో ఉండే గుణం ఒకటి ఇందులో ఉంది, తన మీద తనే జోకులేసుకోగలగడం. మనవల్లో అది కనిపించదు.

బెనెట్ 1867లో పుట్టాడు, ఇంగ్లండ్‌లో కుండల తయారీకి పేరున్న స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో. తండ్రి లాయరు. ఆయన ఆఫీసులో ఇమడలేక లండన్ వచ్చి, అక్కడ కూడా లాయర్ల ఆఫీసులోనే గుమాస్తాగా చేరాడు. ఖాళీ దొరికినప్పుడల్లా రాసుకుంటూ పైకొచ్చాడు. ఏడాది చివర మొత్తం ఎన్ని పదాలు రాశాడో డైరీలో కూడి పెట్టుకునే రకం. అంటే టైమ్‌షీట్ ఎవరూ అడక్కపోయినా నింపే మనిషి. అలాంటాయన తోటి గుమాస్తాలకి సలహా చెప్తే ఎలా ఉంటుందో ఈ పుస్తకం అలా ఉంటుంది.

ఆయన లెక్క ఇది. లండన్‌లో సగటు ఉద్యోగి పది నుంచి ఆరు దాకా ఆఫీసులో ఉంటాడు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి పొద్దున 50 నిమిషాలు, సాయంత్రం 50 నిమిషాలు. వాడు ఆ 8 గంటల్నే రోజు అనుకుంటాడు. మిగిలిన 16 గంటలు దానికి ముందుమాట, వెనకమాట. అక్కడే వస్తోంది చిక్కంతా అంటాడు బెనెట్. ఆ 16 గంటలే అసలు రోజు, ఆఫీసు దాని బయట జరిగే ఒక వ్యవహారం అనుకోమంటాడు. నేను కేపీహెచ్‌బీలో ఎక్కి, అమీర్‌పేటలో మెట్లెక్కి దిగి రాయదుర్గం రైలు మారి, ఆఫీసు గేటు దగ్గర బ్యాగు స్కానర్‌లో వేసేసరికి అచ్చంగా 50 నిమిషాలే పడుతుంది. నూట పదేళ్ళు దాటినా ఆ అంకె మారకపోవడం చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. నిజం చెప్పాలంటే నిలబడే ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి ఆ రైల్లో సీటెక్కడిది?

రైల్లో పేపరు చదవడం బెనెట్‌కి ఒళ్ళుమంట. ఆ ఏకాంతాన్ని పేపరుకి పారబోయొద్దంటాడు. ఆయన అమీర్‌పేట ఇంటర్‌చేంజ్ చూళ్ళేదు. ఏకాంతం అన్న మాట అక్కడ నవ్వులపాలవుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని మాత్రం ఆయన అద్భుతంగా పట్టుకున్నాడు. అలిసిపోయానంటాడు. వెంటనే తినడు, ఓ గంట పోయాక కాస్త ఏదైనా పడితే బాగుండనిపిస్తుంది, తింటాడు. ఆపైన పొగ తాగడం, స్నేహితులు, పేకాట, ఒక పుస్తకంతో కాసేపు సరసం, పియానో మీద కాసేపు వేళ్ళు. చూస్తే పదకొండుంపావు! ఇక పడుకోవాలి అని అనుకోవడానికే ఇంకో 40 నిమిషాలు. ఇందులో పియానో తీసేసి ఓటీటీ పెట్టండి, మా అపార్ట్‌మెంటులో ఏ ఫ్లాటు తలుపు కొట్టినా ఈ మనిషే తీస్తాడు.

ఇక్కడ తిండి ఎలా వచ్చిందో గమనించండి. ఆకలేసింది, తిన్నాడు. కర్త ఉన్నాడు, క్రియ ఉంది. వండిన మనిషి లేదు. పుస్తకం సాంతం ఇదే తంతు. భోజనం తినబడుతుంది, టీ తాగబడుతుంది, ఇల్లు ఇల్లులా ఉంటుంది. 16 గంటల్ని అంత పట్టుదలగా వేరుచేసి చూసిన మనిషి, ఆ 16 గంటలు ఖాళీగా ఉండటానికి ఇంకెవరివో 16 గంటలు నిండుగా ఉండాలన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. మా భాషలో చెప్పాలంటే వంటిల్లు నాన్‌బిల్లబుల్. దానికి ప్రాజెక్టు కోడ్ లేదు.

ఇది నేను ఏదో పట్టేశానని సంబరపడటం కాదు. ఈ ఒక్కటీ తప్పిస్తే బెనెట్ సలహా చాలా మర్యాదైనది. మొదట్లోనే కొండలెక్కమనడు. వారానికి ఆరు పొద్దుళ్ళు అరగంట చొప్పున మనసుని ఒకచోట నిలపడం, మూడు సాయంత్రాలు గంటన్నర చొప్పున చదువు. మొత్తం ఏడున్నర గంటలు. అంతే. పైగా ఆ 90 నిమిషాల కోసం తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా కేటాయించుకోమంటాడు, మధ్యలో ఎవరో వస్తారు, ఏదో అవుతుంది కాబట్టి. 90 నిమిషాల పనికి 150 నిమిషాల ఎస్టిమేటు! ఈ ఒక్క పేజీ జిరాక్స్ తీయించి దేశంలోని ప్రాజెక్టు మేనేజర్లందరికీ పంచాలని నా కోరిక.

వారాంతం గురించి కూడా ఆయన మాటలో చమత్కారం ఉంది. కుర్రతనంలో ఏడు రోజులూ పరిగెత్తాను, ఇప్పుడు వయసు మీద పడుతుంటే మోషే చెప్పిన ఏడోరోజు విశ్రాంతి వైపే మొగ్గుతున్నాను అంటాడు. అయినా మళ్ళీ జీవితం మొదలెట్టమంటే అలాగే పరిగెడతానంటాడు. ఏడు రోజులూ నలిగినవాడికే క్రమం తప్పకుండా వచ్చే సోమరితనం రుచి తెలుస్తుందట. మా క్లాసులు శనివారం పొద్దున నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. ఆదివారం రాత్రి 11:59కి అసైన్‌మెంటు. నాకు ఆ రుచి తెలియాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే తెలుసు.

ఇప్పుడు పళ్ళెం సంగతి.

పుస్తకం వచ్చాక బెనెట్‌కి ఉత్తరాలు వచ్చాయి. తర్వాతి ముద్రణకి ముందుమాట రాస్తూ వాటికి జవాబిచ్చాడు. ముందుమాటని చివర్లో చదవండి అని దాని మొదట్లోనే చెప్పాడు, అదొక తమాషా. కొందరు రాశారట, మేము ఆఫీసు పని ఇష్టంగానే చేస్తాం, సాయంత్రానికి నిజంగానే పిప్పైపోతాం, మరి మాకెక్కడ టైము అని. వాళ్ళకి ఆయన జవాబు ఒక్కటే, పొద్దున్నే లేవండి. అంత పొద్దున్నే పొట్టలో ఏదీ పడకుండా ఎలా, పనివాళ్ళు లేవరు కదా అంటారా, దానికీ ఉపాయం ఉంది. రాత్రే ఒక పళ్ళెం సర్ది పెట్టించుకోండి. పళ్ళెంలో రెండు బిస్కెట్లు, కప్పూ సాసరూ, అగ్గిపెట్టె, స్పిరిట్ స్టవ్వు. స్టవ్వు మీద గిన్నె, గిన్నె మీద మూత తిరగేసి, ఆ మూత మీద చిన్న టీపాట్, అందులో చిటికెడు టీ ఆకు. మీరు చేయాల్సింది అగ్గిపుల్ల గీయడమే. మూడు నిమిషాల్లో నీళ్ళు మరుగుతాయి, ఇంకో మూడు నిమిషాల్లో టీ దిగుతుంది. ఈలోగా టీపాట్ కూడా కింద ఆవిరికి వెచ్చబడే ఉంటుంది!

ఇంజనీరుగా నేను దీనికి సలాం కొడతాను. మూత తిరగేయడం అనేది మామూలు బుర్రకి తట్టేది కాదు. ఒక మనిషి మొత్తం జీవితం సమతూకం వేళకాని వేళలో దొరికే కప్పు టీ మీద ఆధారపడొచ్చు అన్న అర్థంలో ఆయన సరదాగానే చెప్తాడు గానీ, ఆ మాటలో నిజముంది. రేపటి చదువు ఇవాళ్టి వంటింట్లో మొదలవుతుందని ఆ పుస్తకంలో నాకు కనబడిన ఒకే ఒక్క ఒప్పుకోలు అది.

అయితే ఆ పళ్ళెం ఎవరు సర్దాలి? ఇంట్లో ఉన్న తోటి మనిషికి చెప్పండి, అది ఎవరైనా సరే, అంటాడు. ఎవరైనా సరే అంటూనే అక్కడ వాడిన సర్వనామం మాత్రం స్త్రీలింగం.

ఈ పేరా మా ఆవిడకి చదివి వినిపించాను. తను బ్యాంకులో పనిచేస్తుంది. ఇంక్రిమెంటు కోసం బ్యాంకువాళ్ళు రాసే జేఏఐఐబీ పరీక్షకి చదువుతోంది. ఆ పరీక్షలు వచ్చేది కూడా ఎక్కువగా ఆదివారాలే. అంతా విని, “మరి ఆ గిన్నె నువ్వు కడుగుతావా, ఆ తోటి మనిషే కడగాలా?” అంది. బెనెట్ ఆ విషయంలో మౌనం.

మా ఇంట్లో వంటమనిషి సోమవారం నుంచి శుక్రవారం దాకా వస్తుంది. అంటే సరిగ్గా ఇద్దరం పుస్తకాలు తెరిచే రెండు రోజులూ వంటిల్లు మాదే. ఇద్దరం లెక్కలొచ్చినవాళ్ళమే కాబట్టి పనులన్నీ పంచుకున్నాం. శనివారం అన్నం, కూర నావి. ఆదివారం టిఫిను తనది. గిన్నెలు ఓడినవాళ్ళవి. ఇలా బోర్డు మీద రాసుకోగలిగిన పనులన్నిటికీ ఒక దారి దొరికింది. రాసుకోలేనివి కొన్ని ఉంటాయి. ఆదివారం ఇడ్లీ కావాలంటే శనివారం మధ్యాహ్నమే మినప్పప్పు నానెయ్యాలి. సాయంత్రం రుబ్బాలి. రాత్రంతా పులవాలి. నానెయ్యడానికి పట్టేది రెండు నిమిషాలు. అది *గుర్తుండటానికి* ఎంత పడుతుంది? రిగ్రెషన్ మీద లెక్చరు నడుస్తుండగా బుర్రలో ఒక మూల “పప్పు, పప్పు” అని కొట్టుకుంటూ ఉండటం ఏ గంట ఖాతాలో రాయాలి? పొద్దున అరగంట మనసుని ఒకే విషయం మీద నిలపమన్నాడు కదా బెనెట్, ఆయనకి పప్పు నానెయ్యాల్సిన అవసరం రాలేదు. పళ్ళెం రాత్రే సర్దాలని ఆయనకి తెలుసు. సర్దాలని గుర్తుండాల్సింది వేరేవాళ్ళకి.

(మొన్నమొన్నటి నుంచి దోసెపిండి కిలో ప్యాకెట్లు కొంటున్నాం. ఆ పప్పు ఇప్పుడు ఎవరికి గుర్తుంటోందో మాకు తెలీదు.)

మా పిన్ని సంగతి ఇక్కడే చెప్పాలి. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక, తొంభైల మధ్యలో, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఎ. కట్టింది. మన దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళకి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకునేవాళ్ళు. పాఠ్యపుస్తకాలు మంచి తెలుగులో ఉండేవి, గ్రూప్స్‌కి చదివేవాళ్ళు ఇప్పటికీ వాటిని వెతుక్కుంటారు. కాంటాక్ట్ క్లాసులు ఆదివారాలు. పిన్ని ఆదివారం కూర శనివారం రాత్రే వండేసి, పొద్దున్నే పప్పూ అన్నం కుక్కర్లో పెట్టి, అన్నిటి మీదా మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో బాబాయికి రెండుసార్లు చెప్పి, బస్సెక్కి టౌన్లో ఉన్న స్టడీ సెంటరుకి వెళ్ళేది. ఇంట్లో తన చదువు కుక్కర్ కూతల మధ్య సాగేది. మూడు కూతలకి పేజీన్నర అని లెక్క చెప్పేది. బెనెట్ ఏడున్నర గంటల ప్రణాళిక ఎక్కడ, ఈ కూతల ప్రణాళిక ఎక్కడ! నా ఎం.టెక్. గోల విని ఈ మధ్య ఫోన్లో, “ఏరా, మీ క్లాసులు ఇంట్లోనే కదా, బస్సు కూడా ఎక్కక్కర్లేదు, ఇంక నీకు కష్టమేంట్రా?” అంది. “నిజమే పిన్నీ” అన్నాను. ఇంకేమంటాం.

పిన్ని గుర్తొచ్చినప్పుడల్లా పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ గుర్తొస్తుంది. చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలుకుతూ, తుడుస్తూ, మెరిపిస్తూ ఒక గృహిణి ఒకరోజు తన పేరేంటో మర్చిపోతుంది. భర్తనీ పిల్లలనీ పనిమనిషినీ అడుగుతుంది, ఎవరికీ పనికొచ్చే జవాబు తెలీదు. పుట్టింటికి వెళ్ళి తన సర్టిఫికెట్ల కోసం వెతుకుతుంది. ఈ కథని పేరు మీద వచ్చిన కథగానే ఎక్కువ చర్చించారు. నాకు ఆ సర్టిఫికెట్ల వెతుకులాట దగ్గరే చూపు ఆగిపోతుంది. మేము సర్టిఫికెట్ కోసం చదివేది లింక్‌డ్‌ఇన్‌లో పెట్టడానికి. ఆ కథలో సర్టిఫికెట్ అంటే తన పేరు అచ్చయి ఉన్న చోటు. చదువుకి ఇంత వేరే అర్థం ఉందని ఏ టైమ్ మేనేజ్‌మెంట్ పుస్తకమూ అనుకోదు. వాటి దృష్టిలో చదువు అంటే ఉన్న మనిషికి ఇంకొంచెం చేర్చడం. ఈ కథలో లేకుండా పోయిన మనిషిని వెనక్కి తెచ్చుకోవడం. అబ్బూరి ఛాయాదేవి గారి ‘సుఖాంతం’ కూడా పక్కన పెట్టి చదవండి, అందులో ఒక స్త్రీ కోరుకునేది చదువు కూడా కాదు, నిద్ర. కంటినిండా నిద్ర. చివర ఏమవుతుందో చెప్పను, ఆ శీర్షికలో ఎంత చేదుందో చదివితే తెలుస్తుంది. ఒకాయనకి రోజులో 16 గంటలు మిగిలాయి. ఈమెకి ఒక కునుకు మిగల్లేదు. రెండూ 24 గంటల గురించిన రచనలే.

మళ్ళీ బెనెట్ దగ్గరికి. ఆయన భార్య పాత్ర ఒకటి పుస్తకం చివర్లో మెరుస్తుంది. ప్రణాళికకి బానిసలైపోవద్దు, అందరికీ నీతులు చెప్పే బడాయికోరులు కావొద్దు అని హెచ్చరిస్తూ ఒక ఉదాహరణ ఇస్తాడు. ఆర్థర్ అనే ఆయన ఎనిమిదింటికి కుక్కని తిప్పడానికి వెళ్తాడు, తొమ్మిదికి పావు తక్కువకి చదవడం మొదలెడతాడు, కాబట్టి మాకు ఇంకేదీ కుదరదు అని వాళ్ళావిడ నిట్టూరుస్తుంది. రెండు వాక్యాల మనిషి. కానీ నవలాకారుడి చెయ్యి పడింది కదా, ఆ రెండు వాక్యాల్లో ఒక కాపురం మొత్తం వినిపిస్తుంది. ఆమె గురించి ఇంకో పది పేజీలు రాసుంటే బాగుండేదని అక్కడ అనిపించింది నాకు.

రాశాడు. ఈ పుస్తకంలో కాదు.

అసలు తగాదా ఇదే. ఆ గంటన్నరల్లో ఏం చదవాలో చెప్తూ బెనెట్ నవలల్ని పక్కన పెట్టేస్తాడు. మంచి నవల చదవడానికి ప్రయాస అక్కర్లేదు, అది పడవలా తీసుకుపోతుంది, చెమట పట్టని చదువు చదువు కాదు అన్న ధోరణి. కవిత్వం చదవమంటాడు, హాజ్లిట్ వ్యాసం, ఎలిజబెత్ బ్యారెట్ బ్రౌనింగ్ ‘అరోరా లీ’. మార్కస్ అరీలియస్, ఎపిక్టెటస్ సరేసరి. అదే 1908లో ఆయన నవల ‘ది ఓల్డ్ వైవ్స్ టేల్’ కూడా వచ్చింది. బట్టలకొట్టు పైనా వెనకా ఉండే ఇల్లు, ఆ ఇంటి కింద గుహలాంటి వంటగది, అందులో మ్యాగీ అనే పనిమనిషి. పదకొండు సార్లు పెళ్ళి కుదిరి తప్పిపోయిన మ్యాగీ! పళ్ళెం సర్దే ‘తోటి మనిషి’కి నవలలో పేరుంది, పెళ్ళి గోల ఉంది, కింద నుంచి పైకి ఎక్కాల్సిన మెట్లున్నాయి.

పదిహేనేళ్ళ తర్వాత, 1923లో వచ్చిన ‘రైసీమన్ స్టెప్స్’ చూస్తే ఇంకా స్పష్టం. లండన్‌లో క్లర్కెన్‌వెల్ అనే పేటలో పాతపుస్తకాల షాపు నడిపే హెన్రీ ఎర్ల్‌ఫార్వర్డ్ పరమ పిసినారి. డబ్బులోనే కాదు, తిండిలోనూ. తను తినడు, పెళ్ళి చేసుకున్న వయొలెట్‌ని తిననివ్వడు. కడుపు మాడ్చుకుని మిగిల్చే మనిషి. ఒక రకంగా బెనెట్ సలహాల పుస్తకంలోని ఆదర్శ పాఠకుడే ఇతను. దేన్నీ వృథా చేయడు, అన్నిటికీ లెక్క ఉంది, చుట్టూ పుస్తకాలు. ఈ పొదుపు చివరికి ఎక్కడికి తీసుకెళ్తుందో నవల ఓపిగ్గా చూపిస్తుంది. ఆ ఇంట్లో పనిమనిషి ఎల్సీ. చదువు లేదు, కానీ ఆకలి ఉంది. ఎవరూ చూడకుండా పచ్చి బేకన్ తినేసేంత ఆకలి. తిన్నందుకు సిగ్గుతో చచ్చిపోతుంది, మళ్ళీ తింటుంది. ఆ పేజీలు చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. పుస్తకం ముగిసేసరికి మన మనసులో నిలబడేది షాపు యజమాని కాదు, ఎల్సీ. పాఠకులకి ఎంత నచ్చిందంటే బెనెట్ మరుసటేడు ‘ఎల్సీ అండ్ ద చైల్డ్’ అని ఇంకో కథ రాయాల్సొచ్చింది.

అంటే వంటింట్లో ఎవరున్నారో బెనెట్‌కి తెలుసు. బాగా తెలుసు. సలహా చెప్పేటప్పుడు మాత్రం కనబడలేదు. ఆయన కపటి అని అనను. ఆ ప్రక్రియ గుణమే అది. సలహాల పుస్తకం ‘నువ్వు’తో మాట్లాడుతుంది, అందుకని అందులో ఒక్క మనిషే పడతాడు. నవలలో ఇంకో మనిషి గది తలుపు తీయకుండా కథ నడవదు. ప్రయాస లేని చదువని ఆయన పక్కన పెట్టిన దాంట్లోనే, ఆ పళ్ళెం గురించి ఆయనకి తెలిసిన నిజమంతా ఉంది.

దీనికి ఇంకో మెలిక. 1924లో వర్జీనియా వుల్ఫ్ ‘మిస్టర్ బెనెట్ అండ్ మిసెస్ బ్రౌన్’ అనే వ్యాసంలో బెనెట్‌ని ఉతికేసింది. ఇళ్ళ గురించి రాస్తాడు గానీ ఇంట్లో మనిషి లోపలేముందో పట్టుకోలేడని ఆమె ఫిర్యాదు. ఇంగ్లిష్ సాహిత్యం చదివిన వాళ్ళకి బెనెట్ పేరు ఇవాళ తెలిసేది ఎక్కువగా ఈ తిట్ల వల్లే. ఆ వ్యాసంలోనే మనుషుల స్వభావం మారిందని చెప్పడానికి ఆమె ఎంచుకున్న ఉదాహరణ ఎవరో తెలుసా? వంటమనిషి. పాతకాలంలో కింద చీకట్లో సముద్ర జంతువులా ఎవరికీ కనబడకుండా బతికిన వంటమనిషి, కొత్త కాలంలో పేపరు అడగడానికో, టోపీ ఎలా ఉందని అడగడానికో పైన హాల్లోకి వచ్చేస్తోందట. ఉదాహరణ బాగుంది. కానీ అందులో ఆమె పేరు లేదు, ఆమె ఆకలి లేదు, హాల్లోకి వచ్చినప్పుడు మాత్రమే కనబడుతుంది. అంతకు ముందు ఏడాదే బెనెట్ ఒక పనిమనిషితో పాటు వంటింట్లోకి దిగి ఆమె పక్కన కూర్చున్నాడు. ఈ ఒక్క పాయింటు మీద నా ఓటు బెనెట్‌కే. అయిదేళ్ళకి ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ వచ్చేసరికి వుల్ఫ్ తిండిని చాలా గట్టిగా పట్టుకుందనుకోండి. మగవాళ్ళ కాలేజీలో మధ్యాహ్నం చేపా కౌజుపిట్టా, ఆడవాళ్ళ కాలేజీలో రాత్రికి ఉడికించిన ప్రూన్సూ కస్టర్డూ. సరిగ్గా తినకుండా సరిగ్గా ఆలోచించడం కుదరదని అంత రుచిగా వాదించినవాళ్ళు ఇంకొకరు లేరు.

మా శనివారం మధ్యాహ్నపు ప్రూన్సూ కస్టర్డూ ఏమిటంటే, కర్రీ పాయింట్. హైదరాబాదుకి బయటివాళ్ళకి ఇది వివరించాలి. అన్నం మీరే వండుకుంటారు, ఎలక్ట్రిక్ కుక్కరు నొక్కితే అయిపోతుంది. సందు చివర చిన్న షట్టరు. గాజు పెట్టె వెనక స్టీలు గిన్నెల్లో దొండకాయ వేపుడు, గుత్తొంకాయ, టమాటా పప్పు, పచ్చిపులుసో సాంబారో, ఒక చికెను. చిన్న కవర్లలో పోసి మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు, ఆ మెలిపెట్టే వేగం చూడ్డానికే నేను ఒక్కోసారి అవసరం కన్నా ఒక కూర ఎక్కువ కొంటాను. అమీర్‌పేటలో కోర్సులు చేసిన తరాలకి తరాలు ఈ కవర్ల మీద బతికాయి. జావా, శాప్, టెస్టింగ్, ఏది చదివినా కూర మాత్రం ఇదే. మన ఐటీ చరిత్ర ఎవరైనా రాస్తే అందులో కర్రీ పాయింటుకి ఒక అధ్యాయం ఉండాలి, లేకపోతే నేను కొనను.

బెనెట్ పళ్ళేనికి మనం కనిపెట్టిన జవాబు ఇది. ఇంట్లో తోటి మనిషికి చెప్పక్కర్లేదు, డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాం, ఇద్దరికీ చెరో మూడు గంటలు మిగిలాయి. మంచిదే. నాకు దీని మీద ఫిర్యాదేమీ లేదు, ఆ దొండకాయ వేపుడు మీద అసలే లేదు. మా సందులో షట్టరు నడిపే అక్క తెల్లారకముందే లేచి కూరగాయలు తరుగుతుంది, రెండు పూటలా గిన్నెలు నిండాలి. కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు. కర్రీ పాయింటుకి శని ఆదివారాలే ఎక్కువ గిరాకీ కాబట్టి ఆమెకి వారాంతం అంటే రెట్టింపు పని. మొన్న నా చేతిలో ప్రింటవుట్లు చూసి, “ఇంత పెద్దయినాక కూడా పరీక్షలేంది సార్?” అని నవ్వింది. చదువు అయిపోదక్కా అన్నాను. “మావోడికి జెప్పు జర, ఆడు ఐపోయిందనుకుంటుండు” అని ఇంకో చెంచాడు పప్పు కవర్లో వేసింది. ఈ అక్కని నవలలోకి తెచ్చిన తెలుగు రచయిత ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ సెమిస్టరు పక్కన పడేసి చదువుతాను. హాస్టళ్ళ కథలు వచ్చాయి, సాఫ్ట్‌వేర్ కథలు బోలెడొచ్చాయి, ఒంటరితనం, ఈఎంఐ, అమెరికా అన్నీ వచ్చాయి. ఆ కథల్లో కూడా రాత్రి తొమ్మిదింటికి హీరో తింటాడు. ఎవరు వండారో ఉండదు. బెనెట్ పుస్తకంలోని గుమాస్తా మన కథల్లోకి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేశాడు, వస్తూ ఎల్సీని తేలేదు.

బెనెట్ 1931లో టైఫాయిడ్‌తో పోయాడు. పారిస్‌లో కుళాయి నీళ్ళు తాగడం వల్లేనంటారు. లోకం ఆయన్ని గుర్తుంచుకున్న తీరు ఇంకా విచిత్రం. ‘ఇంపీరియల్ ప్యాలెస్’ అనే హోటలు నవల కోసం లండన్‌లోని సవాయ్ హోటల్లో దిగినప్పుడు అక్కడి వంటవాళ్ళు ఆయన కోసం ఒక ఆమ్లెట్ తయారుచేశారు, పొగబెట్టిన హ్యాడక్ చేపతో. ‘ఆమ్లెట్ ఆర్నల్డ్ బెనెట్’ అని ఇప్పటికీ దాని పేరు. ఆయన నవల ఒక్కటీ చదవనివాళ్ళు కూడా ఆ ఆమ్లెట్ తింటారు. వండిన ఆయన పేరు ఆమ్లెట్‌కి పెట్టలేదు, తిన్నాయన పేరు పెట్టారు.

చదవాలనుకునేవాళ్ళకి ఒక వరస చెప్తాను. ‘ట్వెంటీఫోర్ అవర్స్’ ముందు, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఉచితంగానే దొరుకుతుంది. దాని ముందుమాట ఆయన చెప్పినట్టు చివర్లోనే. తర్వాత ‘ఇల్లలకగానే’, పావుగంట పని. ఆ పైన, గంటన్నరల లెక్కలేవీ పెట్టుకోకుండా, ‘రైసీమన్ స్టెప్స్’. ఆకలిగా ఉన్నప్పుడు మాత్రం మొదలెట్టకండి. ఈ ఆదివారం మాకు అసైన్‌మెంటు లేదు, ఫ్రిజ్‌లో పిండి ఉంది, మా ఆవిడ పరీక్ష వచ్చే వారం కాబట్టి అట్లు నేనే పోస్తున్నాను. ‘ఎల్సీ అండ్ ద చైల్డ్’ సాయంత్రానికి మొదలెట్టాలి.